టిఫిన్ డబ్బాలో వచ్చిన అరటి

మా ఇంట్లో ఇద్దరిదీ నకళ్లు తీసే ఉద్యోగమే. నేను పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీ కాగితాల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఏ మందును ఏ వరుసలో తయారుచేయాలో చెప్పే పత్రానికి అసలు ప్రతి ఒక్కటే ఉంటుంది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ణి. నకళ్లు తీసి, ఒక్కోదానికి నంబరు వేసి, ఎర్ర ముద్ర కొట్టి, తీసుకున్నవాళ్ల చేత సంతకం పెట్టించుకుని యంత్రాల దగ్గరికి పంపేవాణ్ణి. ముద్ర లేని నకలు ఫ్యాక్టరీలో ఏ మూల దొరికినా సంజాయిషీ చెప్పుకోవలసింది నేనే.

నా భార్య సంగారెడ్డి వెళ్లే దారిలో ఒక టిష్యూ కల్చర్ ల్యాబులో పనిచేసేది. అక్కడ అరటి మొక్కలు తయారుచేస్తారు. మంచి గెల వేసిన తల్లిచెట్టు పిలకను తెచ్చి, ఉల్లిగడ్డ పొరలు తీసినట్టు తీస్తూ పోతారు. చివరికి గోరంత లోపలి దుంప మిగులుతుంది. దాన్ని ముక్కలు చేసి, జెల్లీ పోసిన సీసాల్లో పెడతారు. ముక్కలు మొలకలు వేస్తాయి. ఆ మొలకలను విడదీసి మళ్లీ సీసాల్లో పెడతారు. ఇట్లా ఒక్క పిలక నుంచి వేల మొక్కలు వస్తాయి. అన్నీ నిజానికి ఒకే చెట్టు. పుస్తకాల్లో దీన్ని క్లోనింగ్ అంటారు. ఆ మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఆమె దాన్ని కోసుడు అనేది. అద్దం వెనక కూర్చుని, ముఖానికి గుడ్డ కట్టుకుని, ఒక చేత్తో చిన్న పట్టకారు, ఇంకో చేత్తో చిన్న కత్తి పట్టుకుని రోజంతా కోసేది.

"మీ దగ్గర అసలుది బీరువల కూసుంటది, నకళ్లు కష్టపడ్తయి," అనేది నాతో. "మా దగ్గర అసలుదాన్నే కోస్తం. ఇగ బీరువ ఎందుకు?"

"మరి ఏది అసలు, ఏది నకలు అని ఎట్ల తెలుస్తది?"

"ఎందుకు తెల్వాలె? రైతు అడుగుతడా? గెల ఎప్పుడొస్తదని అడుగుతడు."

 ముప్పై ఏళ్లు ముద్ర కొట్టిన మనిషికి అసలు ప్రతి అవసరమే లేని పద్ధతి ఒకటుందంటే మింగుడుపడదు.

రైతులకు దానివల్ల మేలు జరిగిందన్నది నిజం. పక్కచేను నుంచి అడిగి తెచ్చుకున్న పిలకలతోపాటు ఆ చేను తెగుళ్లు కూడా వస్తాయి. సీసాలో పుట్టిన మొక్క ఏ జబ్బూ లేకుండా వస్తుంది. ఎకరమంతా ఒకే ఎత్తు పెరుగుతుంది, ఒకే వారంలో గెలలు దిగుతాయి. అందోలు వైపు నుంచి ఒక రైతు ల్యాబుకు వచ్చి ఇదే సంగతి ఫిర్యాదుగా చెప్పాడట. "అన్ని ఒక్కసారే కడుపుతోనున్నయమ్మా. ఒక్కసారే కంటయి. మంత్రసానిని నేనొక్కణ్ణే ఉన్న." ఆ మాట మా ఇంట్లో చాలాకాలం నడిచింది. మా అమ్మాయి పెళ్లినాడు వంటలన్నీ ఒకేసారి పొయ్యి మీద ఉడుకుతుంటే నా భార్య నా చెవి దగ్గరకొచ్చి, "మంత్రసానిని నేనొక్కదాన్నే," అంది.

రెండో వైపు కూడా ఆమే చెప్పింది. ఒకసారి ల్యాబు వాళ్లందరినీ ఒక రైతు పొలానికి తీసుకెళ్లారు. మూడెకరాల అరటి తోట. ఆకులు అంచుల నుంచి పసుపుబారి, విరిగి, కాండానికి వేలాడుతున్నాయట. నేలలో ఉండే బూజు వేళ్ల గుండా ఎక్కి చెట్టును ఎండబెట్టే తెగులు అది. ఆ సాయంత్రం ఆమె అన్నం తినలేదు.

"ఒక్క చెట్టన్న మిగల్లే," అంది. "అన్ని ఒకటే గద. ఒకదాన్ని పడగొట్టే ఉపాయం తెలిస్తే అన్నిటిని పడగొట్టినట్టే. మనుషులమైతే పది మందిల ఒక్కలమన్న మొండికేస్తం."

"నువ్వు మిగుల్తవ్ తియ్యి," అన్నాను.

"నువ్వు మొదలే పోతవ్," అంది. అన్నం అప్పుడు తింది.

ఆ లెక్క తప్పింది.

*

ల్యాబులో ఒక నియమం ఉండేది. ఒక పిలకను ఎనిమిదిసార్లకు మించి విడదీయకూడదు. "అటెనుక చేతికి కాదు, మొక్కకే విసుగొస్తది," అనేది ఆమె. విసుగొచ్చిన మొక్క తల్లిలాగా ఉండదు. పొట్టిగానో, ఆకు ముడుచుకునో, రంగు తేడాతోనో వస్తుంది. సీసాల్లో ఉన్నప్పుడు అది పట్టుబడదు. బయట పచ్చని వల కింద కవర్లలో పెంచేటప్పుడు వరుసల మధ్య తిరుగుతూ పట్టుకోవాలి. అట్లాంటివాటిని పీకి, లెక్క రాసి, పెద్ద కుక్కరులో ఆవిరి పట్టి చంపేస్తారు. రైతు పొలంలోకి ఒక్కటి పోయినా ల్యాబుకు చెడ్డపేరు. పీకే పని ఎక్కువగా ఆమెకే ఇచ్చేవారు. చూపు అంత పదును.

పన్నెండేళ్ల కిందట ఒక సాయంత్రం ఇంటికొచ్చి, టిఫిన్ డబ్బా నా ముందు పెట్టి మూత తీసింది. అందులో జానెడు అరటి మొక్క, వేళ్లకు తడిగుడ్డ చుట్టి ఉంది. ఆకుల మీద సున్నం కొట్టినట్టు తెల్లని చారలు.

"ఇది దొంగతనం," అన్నాను.

"దొంగతనమెట్ల? చంపుమని చేతికిచ్చిన్రు. చంపలే. గంతే."

"లెక్కల ఏం రాసినవ్?"

"చచ్చిందని."

"ముద్ర లేని నకలు నా ఇంట్ల ఉండదు."

"నీ ముద్ర తెచ్చి ఆకు మీద కొట్టుకో సారూ," అని మొక్కను తీసుకుని ఇంటి వెనక్కు పోయింది. నేను పుస్తకం చదువుకుంటున్నట్టు నటించాను. బట్టలుతికే బండ పక్కన గునపం చప్పుడు వినిపించింది.

నియమం తప్పని ఆమె ఎప్పుడూ అనలేదు. ఆ మొక్క రైతు చేతికి పోతే రైతు నష్టపోతాడని ఆమెకు నాకంటే బాగా తెలుసు. "మనింట్ల ఉంటే ఎవలికి నష్టం?" అని అడిగి, తనే జవాబు చెప్పింది. "నీ నోటికి." నిజమే. పదిహేను నెలలకు గెల వేసింది. కాయలు వేలెడంత. చారలు కాయల మీదికి కూడా ఎక్కాయి. పండితే చింతపండు కలిపినట్టు పులుపు. నేను ఒకటి తిని రెండోది వద్దన్నాను. ఆమె గెలంతా తనే తింది.

అరటి ఒకసారి గెల వేసి చచ్చిపోతుంది, పక్కన పిలక లేస్తుంది. అదీ నకలే, ల్యాబు లేని నకలు. అట్లా ఏడాదికొకటి చొప్పున మా ఇంటి వెనక చారల అరటి నిలబడుతూ వచ్చింది. దీని మీద ఏదైనా మంచి వాక్యం రాయాలని ఒకప్పుడు నాకు అనిపించింది. ఆమెకు చెబితే, "బండ మీద బట్టలున్నయి, గవి జాడించుకుంట ఆలోచించు," అంది. రాయలేదు.

*

రెండేళ్ల కిందట చలికాలంలో మూడు వారాల జబ్బుతో ఆమె పోయింది. దాని గురించి ఇంతకంటే రాయను.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టుకుంటే పోయిన మనిషికి తృప్తి అయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. విస్తరి పెట్టి గంటయింది. మాంసం, బగారన్నం, గారెలు, ఆమె రోజుకు నాలుగుసార్లు తాగే చాయ్ కూడా గ్లాసులో పెట్టారు. కాకులు చెట్టు మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి. మేం కాకుల్ని చూస్తున్నాం. ముసలివాళ్లు ఒక్కొక్కరే ముందుకు పోయి, నీ బిడ్డను మంచిగ చూసుకుంటం, నీ మొగన్ని ఆకలికి ఉంచం అని మాట ఇస్తున్నారు. కాకులు ఒప్పుకోలేదు.

మా మరదలు, అంటే నా భార్య చెల్లెలు, సంగారెడ్డిలో జాకెట్లు కుడుతుంది. ఆమె మాట కత్తెర కంటే ముందు నడుస్తుంది. నలుగురిలో నా దగ్గరకొచ్చి నిలబడింది.

"బావా, మా అక్కకు ఏం మాటిచ్చి తప్పినవ్, చెప్పు."

"ఏం లేదు."

"ముప్పై మూడేండ్ల కాపురంల ఏం లేదా? ఆలోచించు. జల్దీ ఆలోచించు, ఎండ మీదికొస్తున్నది."

ఆలోచించాను. దవాఖానలో ఉండగా ఆమె గెల సంగతి అడిగింది. పండుతున్నది, కొయ్యి, లేకుంటే ఉడుతలు తింటయని చెప్పింది. కొస్తానన్నాను. కొయ్యలేదు. నేను మోటారు సైకిలు మీద ఇంటికి పోయి, ఉడుతలు మిగిల్చిన నాలుగు పండ్లు తెచ్చి విస్తరిలో పెట్టాను. నేను వెనక్కు తిరిగే లోపలే ఒక కాకి దిగి పండు ఎత్తుకుపోయింది. మరదలు బోరుమంది. అందరూ దండం పెట్టారు.

"కాకులకు పులుపు ఇష్టమనుకుంట," అన్నాను.

"నోరు ముయ్యి బావా," అంది మరదలు.

ఆ రోజే ఆమె నిర్ణయించేసింది. సంవత్సరీకానికి విస్తరిలో ఈ చెట్టు పండే ఉండాలి. ఇంకేదీ పనికిరాదు.

*

రెండు నెలలు తిరగకముందే చెట్టు ఆకులు అంచుల నుంచి పసుపుబారాయి. నాకు ఆ మూడెకరాల తోట గుర్తొచ్చింది. నా భార్య దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు ల్యాబులో సూపర్‌వైజరైన అమ్మాయి ఉంది. ఫోన్ చేస్తే ఆదివారం వచ్చింది. ఆ రోజు మరదలూ, తెల్లాపూర్‌లో పంతొమ్మిదో అంతస్తులో ఉండే మా అమ్మాయీ కూడా ఉన్నారు. సూపర్‌వైజరు చెట్టు కాండాన్ని అడ్డంగా కోసి చూపించింది. లోపల తుప్పు రంగు వలయాలు.

"గదే తెగులు సార్. ఈ మట్టిల ఇగ అరటి బతకది. ఏండ్లకేండ్లు ఉంటది." గుబురంతా వెతికి చివరికి ఒక పిలకను చేత్తో పట్టుకుంది. "గీ ఒక్కటి ఇంకా మంచిగున్నది. ఇట్లనే ఇడిస్తే దీనికి గూడ వస్తది. నేను తీస్కపోయి కోస్తే లోపటి దుంప శుభ్రంగ దొరకొచ్చు. దొరికితే యాభై చెట్లన్న చేయొచ్చు. దొరక్కపోతే ఇది గూడ పోతది."

నాకు కావలసింది చాలా చిన్నది. ఆమె ఈ ఇంటికి తెచ్చినవాటిలో ప్రాణమున్నది అదొక్కటే. చీరలున్నాయి, గిన్నెలున్నాయి, అవి పెరగవు. ఆ పిలక పోతే ఇంకేమీ లేదు.

మరదలు పిలక వైపు, సూపర్‌వైజరు వైపు మార్చి మార్చి చూసింది.

"జెర ఆగు పిల్లా. ఉన్న ఒక్కదాన్నే కోస్తవా?"

"కొయ్యకుంటే ఎట్ల చేస్తం అక్కా?"

"నేను ఆది జాకెట్టును పక్కన పెట్టుకోని కొత్త బట్టను కోస్త. ఆదినే కోస్తే రేపు దేన్ని చూసి కుట్టాలె? గిదేం టైలరింగ్!"

"మా దగ్గర కోసిన ప్రతి ముక్క ఆదే అక్కా."

మరదలు ఆ మాటను కాసేపు నమిలింది. తర్వాత ఆమెకు ఇంకో దారి తోచింది. "టీవీల చూపెట్టిన్రు, బర్రెను గిట్లనే చేసిన్రంట, ఒక బర్రె నుంచి ఇంకో బర్రెను. అట్లయితే మనుషుల్ని గూడ చేస్తరా? మా అక్కను?"

ఎవరూ నవ్వలేదు. మా అమ్మాయి నేల చూస్తోంది. సూపర్‌వైజరు మెల్లగా అంది. "చెయ్యనియ్యరక్కా, తప్పది. ఒకవేళ చేసిన్రే అనుకో, అక్క రాదు. చంటిపిల్ల వస్తది. పాలు పట్టాలె, బడికి పంపాలె."

"సారు పంపుతడు, ఖాళీగనే ఉన్నడు."

"గా పిల్ల సారును తాతా అంటది."

మరదలు నన్ను ఎగాదిగా చూసింది. "అన్నా అనకున్నా ఒకటే. అది పెద్దగయ్యేటాలకు తెలివొస్తది. రెండోసారి బావను చేసుకుంటదా ఏంది? మొదటిసారే మా నాయిన బలవంతం మీద చేసుకున్నది."

అప్పుడు మా అమ్మాయి నవ్వింది. అమ్మ పోయాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. మరదలికి నేను రుణపడింది అక్కడే.

అయితే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ వారమంతా దాని గురించి ఆలోచించాను. నా భార్య రూపంతో, ఆమె చూపుతో ఇంకొక పిల్ల పుట్టిందనుకుందాం. ఆ పిల్లను ఎవరూ అడగరు. పుట్టీ పుట్టగానే ఆమెకు ఒక పని అప్పజెబుతాం, ఫలానా మనిషిలాగా ఉండు అని. పులుపు ఇష్టపడకపోతే మనం నిరాశపడతాం. ఇష్టపడితే, చూశారా అంటాం. ఎట్లా ఉన్నా ఆ పిల్ల తన బతుకు తాను బతికినట్టు కాదు. పోయినామె కూడా ఒప్పుకునేది కాదు. ఒకసారి వంట చేస్తుండగా, నువ్వు ఇద్దరుంటే బాగుండేది అన్నాను. "ఇద్దరముంటే ఇద్దరం నిన్నే వండుమనేటోళ్లం," అంది.

చెట్టు సంగతి వేరు అనుకున్నాను. చెట్టుకు ఎవరిలాగా ఉండాలన్న బరువు లేదు. ఆ బరువు మోపేది మనమే. అయినా ఆమె ఈ మొక్కను తెచ్చింది నకళ్లలో కలవనందుకు. దాన్ని మళ్లీ నకళ్లు తీయించడం ఆమెకు నచ్చుతుందా? అడగటానికి మనిషి లేదు. లేని మనిషి తరఫున సంతకం పెట్టకూడదు, నా ఉద్యోగంలో మొదట నేర్పేది అదే. వారం తర్వాత పిలక ఆకు అంచున సన్నగా పసుపు కనిపించిందేమో అని అనుమానం వచ్చింది. నియమం పక్కన పెట్టి గునపం తీశాను.

*

ల్యాబు యజమాని ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. రోగపు తోట నుంచి వచ్చిన పిలక కాబట్టి విడి గదిలో, విడి అలమారలో ఉండాలి. మిగతా సీసాలకు ఏమైనా అంటుకుంటే అన్నీ బయటికే. సరైన షరతు. నేనైనా అదే పెట్టేవాణ్ణి.

కోస్తున్నప్పుడు నన్ను అద్దం ఇవతల నిలబడనిచ్చారు. సూపర్‌వైజరు పిలకను కడిగి, పొర తర్వాత పొర తీసింది. మోకాలెత్తు పిలక కాస్తా చూస్తుండగానే చిన్నదైపోయింది. పొరలన్నీ బకెట్లో పడ్డాయి. నాకు కావలసినదంతా ఆ బకెట్లో ఉన్నట్టనిపించింది. కత్తి పట్టే పద్ధతి, చిటికెన వేలు పైకెత్తి పట్టడం, నాకు తెలిసిన పద్ధతే. ఎవరు నేర్పారో అడగనవసరం లేదు.

తర్వాత నెలలన్నీ ఫోన్లే.

"రెండు సీసాలు నల్లగైనయి సార్."

"మిగిలినయి?"

"మూడున్నయి."

తర్వాత ఒకటి మిగిలింది. ఆ వారం నేను పుస్తకమేదీ ముట్టలేదు. ఆ ఒక్కదాంట్లో మొలకలు వచ్చాయి. పరీక్ష చేస్తే తెగులు లేదు. యాభై అనుకుంటే చివరికి ఇరవై మొక్కలు పచ్చని వల కిందికి చేరాయి. మరదలు మొక్కు మొక్కుకుంది. మా అమ్మాయి బాల్కనీలో తొట్టి కొని పెట్టింది. వాళ్ల అపార్ట్‌మెంట్ కమిటీ, చెట్లు పెంచరాదు, మొక్కలు పెంచవచ్చు, అరటి ఏ కోవలోకి వస్తుందో లిఖితపూర్వకంగా తెలుపగలరు అని కాగితం పంపింది. జవాబు నేనే రాసిచ్చాను. చాలాకాలానికి చేతినిండా పని దొరికింది.

సంవత్సరీకానికి పది రోజుల ముందు మొక్కలను చూడటానికి వెళ్లాను. వరుసగా కవర్లలో నిలబడి ఉన్నాయి. నిగనిగలాడుతున్నాయి. ఆకులన్నీ పచ్చగా ఉన్నాయి. ఒక్కదాని మీదా చార లేదు.

"చారలు?" అన్నాను.

సూపర్‌వైజరు నా ముఖం చూడకుండా చెప్పింది. "గా చెట్టుల రెండు రకాలు కలిసుండె సార్. తెల్లది కొంత, పచ్చది కొంత. నేను కోసిన ముక్కల పచ్చదే వచ్చినట్టున్నది. ఇవి మేం రైతులకిచ్చే అసలు రకం. కాయ పెద్దగొస్తది, తియ్యగుంటది. తప్పు దానంతటదే సరైంది."

"నాకు తప్పే కావాలమ్మా."

 "అక్క గూడ గిట్లనే అంటుండె," అని ఆమె వరుస చివరి దాకా పోయి, ఊరికే కవర్లు సర్దింది.

*

సంవత్సరీకం నాడు మొక్కలను ఆటోలో ఇంటికి చేర్చారు. నేను అలవాటు చొప్పున కవర్లకు నంబర్లు రాశాను. తీసుకున్నవాళ్లు సంతకం పెట్టడానికి రిజిస్టరు తెరిచాను. చుట్టాలు నవ్వారు.

"సచ్చిపోతే మొక్కను ఆఫీసుల జమ చేయాల్నా?" అని ఒకరు. "నాది ఏడో నంబరు, నీది పదో నంబరు, నాదే సీనియర్," అని ఇంకొకరు. ఒకటో నంబరు నా కోసం పక్కన పెట్టుకున్నాను. అది అసలు ప్రతి అన్నట్టు. అరగంట తర్వాత నాకే సిగ్గేసింది. మొక్కలన్నీ ఒకే దుంప ముక్కలు. ఒకటో నంబరుకు అంకె తప్ప గొప్పేమీ లేదు. "ఎందుకు తెల్వాలె?" అని ఆమె అడిగింది దీని గురించే. ఆ మొక్కను మా అమ్మాయికి ఇచ్చేశాను.

మరదలు తన మొక్కను రెండు చేతులా ఎత్తి ఎండలో తిప్పి తిప్పి చూసింది.

"బావా, గిది మా అక్క చెట్టేనా?"

అందరూ వింటున్నారు. అవునంటే సరిపోయేది. ఆమెకు సంతోషం, ఎవరికీ నష్టం లేదు. నా ఉద్యోగమంతా రెండు కాగితాలు ఒకటేనని ముద్ర కొట్టడమే. సరిచూడకుండా ఒక్కసారి కూడా కొట్టలేదు.

"అక్క ఇంటికి తెచ్చిన చెట్టు కాదు," అన్నాను. "అక్క ల్యాబుల రోజూ చేసిన చెట్టు. చారలుండవు. పండు తియ్యగుంటది."

మరదలు నన్ను తిడుతుందనుకున్నాను. మొక్కను నేలకు దించి, "అయితే ఇయ్యాల విస్తరిల ఏం పెడ్తం?" అంది.

ఎట్లాగూ ఏ మొక్కకూ ఇంకా గెల వేసే వయసు లేదు. పటాన్‌చెరు సెంటర్లో బండి మీద డజను పండ్లు తెచ్చి పెట్టాం. సూపర్‌వైజరు ఒక పండు చేతిలోకి తీసుకుని చూసింది. "ఈ చుట్టుపక్కల తోటలన్ని మా మొక్కలే అక్కా," అంది మరదలితో. "అక్క చేతిల కోసినయే అయ్యుంటయి, ఎవలికి ఎరుక."

ఈసారి కాకులు ఆలస్యం చేయలేదు. ముందు మాంసం తిన్నాయి. తర్వాత గారె. పండును ఒక కాకి పొడిచి, వదిలి, మళ్లీ వచ్చి ఎత్తుకుపోయింది.

"ముందుగాల మాంసం తిన్నది, సూసినవా," అంది మరదలు. "మా అక్క ఇప్పుడు కుదుటవడ్డది."

*

చుట్టాలు పోయాక రిజిస్టరు చూసుకుంటే సంతకాలు పంతొమ్మిది. హడావుడిలో నంబర్లు రాస్తూ లెక్క చూసుకోలేదు. ఇరవై అని ఫోన్లో చెప్పింది సూపర్‌వైజరే. చెప్పులు వేసుకుంటుంటే ఆమెను ఆపాను.

"ఒకటి తక్కువున్నదమ్మా."

"రిజెక్టు సార్. లెక్కల రాసిన, చచ్చిందని."

అంటూనే సంచిలో నుంచి టిఫిన్ డబ్బా తీసింది. మూత తెరవకముందే నాకు తెలిసింది. తడిగుడ్డ కూడా అట్లాగే చుట్టి ఉంది. కానీ మొక్క అది కాదు. చారల్లేవు. ఆకులు సన్నగా, మెలితిరిగి, ఒకటి కిందికీ ఒకటి పక్కకూ చూస్తున్నాయి. అందం కూడా లేదు.

"చారల్లేవే," అన్నాను.

"ఇది అక్క చెట్టు లెక్క లేదు సార్. మిగిలిన పంతొమ్మిది లెక్క గూడ లేదు. ఇది దీని సొంత తప్పు." డబ్బా నా చేతిలో పెట్టింది. "కుక్కర్ల వెయ్యబుద్ధి కాలే."

ఇది దొంగతనం అనడానికి నోరు తెరిచాను. ఆ మాట ఒకసారి వాడేశానని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇంటి వెనక మట్టిలో తెగులు ఉంది కాబట్టి నీలం ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోయించి, బయటి నుంచి మట్టి తెప్పించి నింపాను. మా వైపు ప్రతి ఇంట్లో అట్లాంటి డ్రమ్ములుంటాయి, ఫ్యాక్టరీల నుంచి వచ్చినవి. దేంట్లో ఏముండేదో నాకు తెలుసు కాబట్టి బెల్లపు పాకం వచ్చిన డ్రమ్మునే ఎంచుకున్నాను. బట్టలుతికే బండ పక్కనే పెట్టాను. రిజిస్టరులో ఎక్కించలేదు. నా చేతుల మీదుగా వెళ్లినవాటిలో లెక్కలో లేని నకలు అదొక్కటే. అయితే అది నకలేనా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

ఒక ఏడాది గడిచింది. మరదలి మొక్క మంచి గెల వేసింది, సంగారెడ్డిలో వీధి వీధికీ పంచింది. మా అమ్మాయి మొక్క పంతొమ్మిదో అంతస్తు గాలికి ఆకులన్నీ చీలికలు చేసుకుని బతుకుతోంది. కమిటీ దాన్ని మొక్కగా గుర్తించింది. నా డ్రమ్ములోది ఆలస్యంగా, వంకరగా గెల వేసింది, పోయిన నెలలో పండింది. ఎనిమిది కాయలు. మొదటి పండు వలిచే రోజు మరదలు వచ్చి ఉంది. తొక్క తీసి సగం ఆమెకు ఇచ్చాను.

నేను పులుపు కోసం చూశాను. లేదు. తీపి కూడా లేదు. ఉడికించిన ఆలుగడ్డలాగా ఉంది.

మరదలు రెండుసార్లు నమిలి, ఆగి, నన్ను చూసింది.

"అక్కది పులుపు. నాది తీపి. గిది ఉప్పు లేదు, కారం లేదు." మిగిలిన ముక్క నా చేతిలో పెట్టింది. "గిది అచ్చం నీ లెక్కనే ఉన్నది బావా. పిలక తీసి జాగ్రత్తగ పెట్టు."

తీసి పెట్టాను. మిగిలిన ఏడు పండ్లూ నేనే తిన్నాను.